నెరిసిన జుట్టుకు కొసరు లేదు

ఆకలి ఒక వరం! కోప్పడకండి, పూర్తిగా చదవండి. చదవడానికి డబ్బు ఖర్చు కాదు. నైజీరియాలోని మా ఇబడాన్‌లో ఈ మధ్య అలాంటి పనులు చాలా తక్కువ మిగిలాయి.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఇరవై మూడేళ్ళు పంతులుగా చేసి, పైచదువుకని సెలవు పెట్టి యూనివర్సిటీలో చేరాను. సెలవులో ఉన్నా జీతం వస్తుందని పైవాళ్ళు కాగితం రాసిచ్చారు. కాగితం వచ్చింది, జీతం ఇంకా దారిలో ఉంది. అందుకని ముగ్గురు కుర్రాళ్ళతో కలిసి ఒకే గదిలో, ఒకే స్టవ్ మీద, ఒకే గిన్నెలో చదువు వెలగబెడుతున్నాను. వాళ్ళు నన్ను ‘బాబా’ అంటారు. అంటే తండ్రి. గరిటె దగ్గర మాత్రం అందరం అన్నదమ్ములమే, దాయాదులమే!

ఇక వరం సంగతి. ఇక్కడి విద్యార్థుల భోజనానికి అంకెల భాష ఒకటుంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వరసలో లెక్క. ‘ఒకటి-సున్నా-ఒకటి’ అంటే మధ్యాహ్నం పస్తు. ‘సున్నా-ఒకటి-సున్నా’ అంటే మధ్యాహ్నం తప్ప అంతా పస్తే. కంప్యూటర్ భాష కూడా సున్నాలూ ఒకట్లేనట కదా? కడుపులోనే కంప్యూటర్ సైన్స్ నేర్పే ఊరు ఇంకెక్కడుంది చెప్పండి!

గారీ మహిమ మరీ గొప్పది. కర్రపెండలం రవ్వ అది. చన్నీళ్ళలో గుప్పెడు వేస్తే గిన్నెడవుతుంది. ఇరవై మూడేళ్ళు కష్టపడి పేరు చివర ‘గారు’ సంపాదించుకున్నాను. ఇప్పుడు పొట్ట నింపడానికి గారీ ఒక్కటే వచ్చింది. మర్యాద ఒక్క గుణింతం తేడాలో నిలిచింది!

మాంసమంటారా? దూరం నుంచి చూస్తాను, అందుకే కొలెస్ట్రాల్ భయం లేదు. ఒక గుడ్డును నలుగురికి సమంగా కోస్తాం, అందుకే జ్యామితి వచ్చింది. ఉల్లిపాయ కోస్తే కళ్ళలో నీళ్ళు రావడం మానేశాయి. ధర అడిగినప్పుడే అవన్నీ అయిపోతున్నాయి.

కిందటి శనివారం సరుకులు తెచ్చే వంతు నాది. సోమవారం నుంచి పరీక్షలు. నలుగురం వేసుకున్న చందాకు అయిదు డబ్బాల అలసందలొస్తాయి. శుక్రవారం ఆఖరి పరీక్ష దాకా నలుగురికీ అవే దిక్కు. గంజి పెట్టిన చొక్కా చూస్తే ధర పెరుగుతుందని మా గది కుర్రాళ్ళలో ఒకడు, కొలాపో, తన టీషర్ట్ తొడిగి పంపాడు. దాని మీద ‘ఫ్రెషర్లకు స్వాగతం’ అని రాసి ఉంది. ఆ అక్షరాలు నా ముందుభాగం మీద బారెడు సాగాయి. పట్టభద్రుణ్ణి కాకముందే పొట్టభద్రుణ్ణి కదా!

అలసందలమ్మేది రమోటా వాళ్ళమ్మ. ఆవిడ కొలత డబ్బా అడుగు లోపలికి కొట్టి ఉంటుంది. పైన గుట్ట, లోపల గుంట. గుట్ట మనకు కనబడుతుంది, గుంట ఆవిడకు మిగులుతుంది. అయిదు డబ్బాలు సంచిలో పోయించుకుని, ఆనవాయితీ ప్రకారం కొసరు అడిగాను.

“కొసరు పిల్లలడుగుతారు డాడీ. తలపండినవాళ్ళు ఇచ్చేవాళ్ళు గానీ, అడిగేవాళ్ళా?” అంది.

నేను ఛాతీ విరిచి టీషర్ట్ చూపించాను. ఆవిడ చదివి, పక్కన మిరపకాయలమ్మే ఆవిడ వైపు తిరిగింది.

“ఫ్రెషరట అక్కా. పాపం, ఎన్నేళ్ళబట్టి తప్పుతున్నాడో.”

మార్కెట్ సగం నవ్వింది. అంతలో వెనకనుంచి ‘సార్’ అని వినిపించింది. తిరిగి చూస్తే, ఒకప్పుడు నా దగ్గర ఆరో తరగతి చదివిన సెగిలోలా! ఆ బురదలోనే మోకాళ్ళ మీద కూర్చుని నమస్కారం పెట్టింది. టీచర్ ట్రైనింగ్ చదువుతోందట.

మా వాళ్ళలో పిల్లలు మోకరిల్లితే పెద్దవాడు ఉత్త మాటలతో సరిపెట్టకూడదు. చెయ్యి జేబులోకి వెళ్ళాలి. నా చెయ్యి వెళ్ళింది, వెళ్ళినట్టే తిరిగొచ్చింది. నోరు మాత్రం ఆగిందా? నా సంచిలోంచే రెండు డబ్బాలు తీసి పిల్లకు పొయ్యమని రమోటా వాళ్ళమ్మకు హుకుం జారీ చేసింది!

సెగిలోలా పద్ధతిగా మూడుసార్లు వద్దంది. నాలుగోసారి సంచి తెరిచింది. మధ్యాహ్నం కావస్తున్నా ఆ సంచిలో ఒక్క గింజ లేదు.

“నేనూ మీలాగే టీచర్నవుతాను సార్,” అంది.

పాఠకులారా, ఇంతసేపూ మీకు వరం గురించి ఉపన్యాసమిచ్చాను కదా. ఆ పిల్లకు అందులో ఒక్క ముక్క చెప్పలేకపోయాను. “మంచిది తల్లీ” అన్నాను. ఆకలిని ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు పొగడటం సులువు. మనం పాఠం చెప్పిన పిల్ల దగ్గర పొగడాలంటే, ముందు ఆ ఖాళీ సంచి కళ్ళబడుతుంది.

రమోటా వాళ్ళమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. రెండు డబ్బాలూ పోశాక, తన బుట్టలోంచి రెండు దోసిళ్ళు తీసి ఆ పిల్ల సంచిలో వేసింది. అడగని కొసరు! నా సంచి వైపు కన్నెత్తి చూడలేదు.

మూడు డబ్బాలతో గదికి చేరాను. కొలాపో అప్పటికే స్టవ్ మీద ఎసరు పెట్టి కూర్చున్నాడు. సంచిలోకి చూశాడు, నా మొహంలోకి చూశాడు. జరిగింది చెప్పాను. పెద్దవాణ్ణి పల్లెత్తు మాట అనే పెంపకం కాదు వాడిది. లేచి గిన్నెలో ఇంకో చెంబు నీళ్ళు పోశాడు, అంతే.

వాణ్ణి ఓదార్చాలి కదా? ఆకలి ఎంత గొప్ప వరమో రాసి, చదివి వినిపించాను. చేతులు వెనక్కి కట్టుకుని ఆసాంతం విన్నాడు.

“బాబా, ఒక సందేహం. ఇంత గొప్ప వరమైతే, మీ జీతం ఆపిన పెద్దలు తమకోసం కాస్తయినా ఉంచుకోకుండా మొత్తం మనకే ఎందుకిచ్చేశారు?”

వాడు చదివేది అర్థశాస్త్రం. ఇలాంటి ప్రశ్నలు వేసేవాడు ఆ పరీక్ష ఎలా పాసవుతాడండీ?