రేకుల విముక్తి మహోత్సవం

"దీవి ప్రజలందరికీ తెలియజేయడమేమనగా, వచ్చే శనివారం ఉదయం పది గంటలకు మన దీవి ఆస్‌బెస్టాస్ నుంచి విముక్తి పొందును. పంది మాంసం, టారో దుంపలు కలవు."

ఇది మంత్రి టుకాలా గారి ప్రకటన. విముక్తికి టైము కూడా ఇచ్చిన నాయకుడు మా సముద్రంలో ఇంకొకరు లేరు.

విముక్తి అంటే బడి మీది పాత ఆస్‌బెస్టాస్ రేకులు దింపడం. ఆ రేకుల ధూళి ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే మళ్లీ బయటికి రాదట. ఇరవై ఏళ్లు ఆ బడి ఊడ్చిన నా భార్య దగ్గి దగ్గి పోయాక డాక్టరు చెప్పాడు. ఇప్పుడు వాటిని దింపే పని నా కూతురు మొకలేయికి, ఇంకో ఐదుగురికి వచ్చింది.

ఆస్ట్రేలియా వాళ్లు ఆరు తెల్ల సూట్లు, ఆరు మాస్కులు ఓడలో పంపారు. ఓడలో ఏది దిగినా హోదా ప్రకారం పంచడం మా ఆచారం. మంత్రిగారు ఆచారం తప్పే మనిషి కాదు. సోమవారమే పంచేశారు. ఒకటి పాస్టరు గారికి, ఒకటి తనకు, నాలుగు ఊరి పెద్దలకు.

"అయ్యా, పైకి ఎక్కేది మేము కదా. మరి మాకు?" అంది మొకలేయి.

"నోరు మూసుకుని ఎక్కు అమ్మాయ్. నోరు మూసుకున్నాక మాస్కుతో పనేముంది?"

అంత సూక్ష్మం ఇంకెవరికి తడుతుంది?

శనివారం ఆరుగురు పెద్దలూ సూట్లు, మాస్కులు తొడుక్కుని టెంటు కింద కుర్చీల్లో కూర్చున్నారు. పని తనిఖీకి ఆస్ట్రేలియా నుంచి విమానం దిగి నేరుగా వచ్చిన ఇన్‌స్పెక్టర్ బ్రెండా వాళ్లను చూసి సంతోషించింది.

"పనివాళ్లు మీరేనా? భేష్. నిచ్చెన అటుంది, ఎక్కండి."

పాస్టరు గారు మంత్రిగారిని చూశారు. మంత్రిగారు నిచ్చెనను చూశారు. లేచి నిలబడ్డారు.

"ప్రజలారా! పదవి త్యాగం చేసినవాళ్లను చూసుంటారు. సూటు త్యాగం చేసినవాణ్ణి చూశారా?" అంటూ జిప్పు లాగేశారు. అర నిమిషంలో ఆరు సూట్లూ త్యాగమైపోయాయి. నాకు కళ్లు చెమ్మగిల్లాయి.

మొకలేయి సూటు తొడుక్కుని, మాస్కు పెట్టుకుని రెండు మెట్లు ఎక్కింది.

"ఆగమ్మా!" అని అరిచింది బ్రెండా. "మాస్కుకి రెండు పక్కలా గులాబీ రంగు బిళ్లలుండాలి. దుమ్మును ఆపేవి అవే. ఒక్కదానికీ లేవేం?"

మంత్రిగారు మబ్బుల్ని పరిశీలించారు. పాస్టరు గారు ప్రార్థనకు తల వంచారు.

వెనక వరుసలో ఆరుగురి భార్యలూ కొత్తగా అల్లిన టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. ఒక్కో టోపీ మీద రెండేసి గులాబీ రంగు పూలు. గుండ్రంగా, అన్నీ ఒకే కొలతలో, గట్టి దారంతో కుట్టి ఉన్నాయి.

బ్రెండా దగ్గరికెళ్లి చూసింది. "సూది దిగాక ఇవి దేనికీ పనికిరావు" అంది.

"పనికిరాకపోవడమేంటి?" అని మంత్రిగారి భార్య రెండు చేతులతో టోపీ పట్టుకుంది. "రేపు చర్చికి పెట్టుకెళ్లొద్దూ?"

మొకలేయి కిందికి దిగింది. సూటు విప్పి, మడతపెట్టి, మంత్రిగారి కుర్చీలో పెట్టింది. గోడకు వేసిన నిచ్చెన మాదే. ఒక కొస భుజానికెత్తుకుని ఇంటి వైపు తిరిగింది.

నేను రెండో కొస పట్టుకున్నాను.