పిడుగక్క జడ గొడవ

ఆ సోమవారం పొద్దున గడ్డం గీసుకుంటూ ఎడిటరు ఒక్కటే అనుకున్నాడు: ఇవాళ దొంగని పట్టుకుని తీరాలి.

ఆయన పనిచేసేది బొమ్మల కథల పత్రికలో. ఆ పత్రికకు అన్నం పెడుతున్నది పిడుగక్క. ఆవిడ జడ విసిరిందంటే పిడుగు పడాల్సిందే. నలభై ఏళ్ళుగా లోకాన్ని కాపాడుతూనే ఉంది కానీ ఆవిడకి మాత్రం పాతికేళ్ళు దాటలేదు. పాత పాఠకులు తగ్గిపోతున్నారు, కొత్తవాళ్ళు రావడం లేదు. అందుకని పిడుగక్కను కొత్తగా తీర్చిదిద్దాలని యజమాని తలపెట్టాడు. ఆ మాట గది దాటిందో లేదో, అభిమానుల గ్రూపులో పొక్కిపోయింది. బయటపెట్టిన మనిషి మారుపేరు 'పాతకాపు'. ఆవిడ మీద చెయ్యి వేశారో చూడండి అని పాతవాళ్ళు, అమ్మమ్మల కాలం కథలు మాకెందుకని కొత్తవాళ్ళు, అప్పటినుంచి సిగపట్లకు దిగారు.

"లోపలివాళ్ళే ఎవరో ఊదేస్తున్నారు. శుక్రవారంలోగా పట్టుకో. లేదంటే నీ కుర్చీకి ఇంకొకర్ని చూసుకుంటా" అన్నాడు యజమాని.

టిఫిను దగ్గర ఎడిటరు తన పన్నాగం భార్య చెవిన వేశాడు. "నాకు ముగ్గురి మీద అనుమానం. ముగ్గురికీ మూడు అబద్ధాలు చెప్తా. బొమ్మలాయనతో పిడుగక్క జడ కత్తిరిస్తున్నామంటా. బొమ్మల పక్కన మాటల అక్షరాలు రాసే ఆవిడతో ఇనపమీసాల విలన్‌కిచ్చి పెళ్ళి చేస్తున్నామంటా. అమ్మకాల మేనేజరుతో ఇక ఎగరడం మాన్పించి స్కూటర్ ఎక్కిస్తున్నామంటా. ఏది బయటికొస్తే ఆ మనిషే దొంగ."

"మెల్లిగా అనండి, అమ్మ ఉంది" అంది భార్య.

"చెవి మిషను పెట్టుకుంటేనే సగం వినపడదు. ఇప్పుడు అది బల్ల మీదుంది."

అత్తగారు నారింజ తొక్క తీస్తూ తలెత్తింది. "వాన పడేలా ఉందా అమ్మా?"

ఎడిటరు జాలిగా నవ్వి, ఆఫీసుకు బయల్దేరాడు.

మూడు అబద్ధాలూ ఎవరిది వాళ్ళకి, తలుపు వేసి మరీ, మన ఇద్దరి మధ్యే ఉండాలంటూ చెప్పాడు. ముగ్గురూ ముఖాలు మాడ్చుకుని వెళ్ళారు. సాయంత్రం గ్రూపు తెరిచి చూస్తే జడ ఉంది, పెళ్ళి ఉంది, స్కూటర్ కూడా ఉంది. మూడూ పాతకాపు పెట్టినవే.

ఎడిటరు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెనక చిన్న బట్టతల నిమురుకుంటూ కుర్చీలో వాలాడు. 'అంటే ముగ్గురూ దొంగలే! కలిసే చేస్తున్నారు!'

మర్నాడు గుమ్మంలోనే అందరి ఫోన్లూ తీసుకుని తన సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఇద్దరు మాట్లాడుకుంటే మూడోవాడిగా వెళ్ళి నిలబడ్డాడు. ఎవరైనా దగ్గితే అది సైగేమోనని ఇంకెవరు దగ్గుతారా అని చూశాడు. అక్షరాలావిడ కిటికీ తెరిస్తే పరుగున వెళ్ళి కిందికి తొంగిచూశాడు.

"గాలి కోసం తెరిచానండీ" అందావిడ.

"ఏ గాలి?" అన్నాడు ఎడిటరు.

బొమ్మలాయనకు ఒళ్ళు మండింది. "నేను పిడుగక్కని గియ్యడం మొదలెట్టినప్పుడు మీరింకా నిక్కర్లేసుకునేవారు. నన్ను అనుమానిస్తారా? మీరే గీసుకోండి!" అని కుంచె బల్ల మీద పడేసి వెళ్ళిపోయాడు. వెళ్ళిపోయాడంటే తప్పు చేసినట్టే కదా అని ఎడిటరు మనసు కుదుటపడింది.

ఆ నెమ్మది ఒక్క రోజు కూడా నిలవలేదు. బుధవారం పొద్దున ఆఫీసు గేటు నిండా నల్ల ఊలుతో అల్లిన జడలు వేలాడుతున్నాయి. పెళ్ళి కానుకలుగా గోడ గడియారాలు దిగాయి, ఒక్కోటీ ఒక్కో టైము చూపిస్తూ. ఎవరో అభిమాని తన పాత స్కూటర్‌ను పిడుగక్క పేర రాసిచ్చి, మెట్లకు అడ్డంగా వదిలి వెళ్ళాడు. ఇనపమీసాల విలన్‌కీ అభిమానులున్నారని అప్పుడే తెలిసింది. అట్టముక్కల మీసాలు అతికించుకుని పదిమంది లోపలికొచ్చి, "మేము పెళ్ళికొడుకు తరఫువాళ్ళం. ఎక్కడ కూర్చోమంటారు?" అని అడిగారు.

"పెళ్ళి లేదు!" అని అరిచాడు ఎడిటరు.

"మా అబ్బాయికేం తక్కువండీ?" అన్నారు వాళ్ళు కోపంగా.

అరగంటలో గ్రూపులో ఇంకో గొడవ మొదలైంది. ఎడిటరు సంబంధం చెడగొట్టాడట. యజమాని ఫోన్ చేశాడు. "నువ్వు దొంగని పట్టుకునేలోపు నా పత్రిక పోయేలా ఉంది. ఆ పాతకాపునే మాట్లాడదాం రమ్మని రాశాను. శుక్రవారం వస్తున్నారు. బొమ్మలాయన్ని కూడా బతిమాలి పిలిచాను. నువ్వూ ఉండు."

శుక్రవారం అందరూ పెద్ద గదిలో కూర్చున్నారు. ఎడిటరు ముగ్గురి ముఖాలూ మార్చి మార్చి చూస్తున్నాడు. పాతకాపు లోపలికి రాగానే కళ్ళతో ఎవర్ని పలకరిస్తే వాళ్ళే దొంగ. తలుపు తెరుచుకుంది. చేతిసంచీతో, నింపాదిగా, ఆయన అత్తగారు వచ్చింది. కళ్ళతో పలకరించింది అల్లుణ్ణే.

"అత్తయ్యగారూ! మీరా? మీకు వినపడదు కదా!"

"పూర్తిగా చెవుడేం కాదు బాబూ. మిషను తీసేస్తే మనుషులు దాచుకోకుండా మాట్లాడతారు."

"అబద్ధాలని తెలిసి కూడా పెట్టారా?"

"తెలుసు కాబట్టే పెట్టాను. జనానికి ఆవిడంటే ఎంత ప్రాణమో మీ యజమానికి కళ్ళారా చూపిద్దామని." ఆవిడ కుర్చీ లాక్కుని యజమాని వైపు తిరిగింది. "మొదటి సంచిక కాలేజీలో బెంచీ కింద పెట్టుకుని చదివాను. అప్పుడు మేమిద్దరం ఒక ఈడువాళ్ళం. నాకు జుట్టు నెరిసింది, మోకాళ్ళు అరిగాయి. అది మాత్రం ఇంకా మేడల మీంచి దూకుతోంది. చూస్తే ముచ్చటెయ్యదు సరికదా, మండుతోంది."

"అంటే... మార్చమనేనా?" అన్నాడు యజమాని. పాతకాపు అంటే మార్పు వద్దనే మనిషే అనుకున్నారందరూ.

"మార్చండి. కానీ కుర్రదాన్ని చెయ్యడం కాదు, దానికీ వయసు రానివ్వండి. దూకేముందు ఒకసారి కిందికి చూసుకోనివ్వండి. గురి తప్పితే కళ్ళజోడు వెతుక్కోనివ్వండి. గ్రూపులో కొత్త పిల్లలు నన్నడిగేది అదే, ఆవిడకి భయమెయ్యదా అని. పోగొట్టుకోవడానికి ఏమీ లేని పాతికేళ్ళ పిల్లకి భయమేముంటుంది?"

బొమ్మలాయన ముందున్న కాగితం దగ్గరికి లాక్కుని తెల్లజడ ఒకటి గీశాడు. యజమాని ఆ బొమ్మ చూసి, అత్తగారిని చూసి, కథ ఆవిడనే రాయమన్నాడు. ఎడిటరు లేచి ముగ్గురికీ పేరుపేరునా క్షమాపణ చెప్పి, సొరుగు తాళం తీశాడు.

తెల్లజడ పిడుగక్క సంచిక వచ్చిన రోజే అమ్ముడైపోయింది. కొన్నవాళ్ళలో సగంమంది ఆ పత్రికను అదివరకు ముట్టుకోనివాళ్ళు. అందులో కొత్త విలన్ ఒకడున్నాడు. నుదుటి మీద కళ్ళజోడు, వెనక చిన్న బట్టతల, తన నీడని కూడా నిలదీసే గుణం. రాసింది అత్తగారు, గీసింది బొమ్మలాయన.

'ఇందులోని పాత్రలన్నీ కల్పితం' అన్న వాక్యం కింద, ఎడిటరు హోదాలో ఆయన తన పేరే వేయించుకోవాల్సి వచ్చింది.