మనవాళ్ళు లేని పేట

మనిషి ఒంటరిగా పుడతాడు, ఒంటరిగానే పోతాడు. ఈ రెండింటికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. నడుమ ఎక్కడైనా మూడు రోజులు ఒంటరిగా ఉండాలని బుద్ధి పుడితే మాత్రం, అది క్రమబద్ధం చేయవలసిన విషయమని నాగరిక ప్రపంచం గుర్తించింది. గుర్తించి ఊరుకోలేదు, ఒక ఆఫీసు కూడా తెరిచింది. దాని పేరు ఒంటరి ప్రయాణికుల పేటల నిర్ధారణ కార్యాలయం. (ఈ పేరు ఒక్క గుక్కలో చదివినవాళ్ళకు రుసుములో రాయితీ ఉందంటారు. ఇచ్చిన దాఖలా అయితే లేదు.)

ఈ కార్యాలయం సూత్రం సులువైనది. పరాయి నగరానికి ఒక్కరే వెళ్ళేవాళ్ళు ఏ పేటలో దిగాలో వాళ్ళకే వదిలేస్తే, ఇష్టమైన పేటలో దిగిపోతారు. ఆ ప్రమాదాన్ని నివారించడానికి ప్రతి పేటకూ 'మనవాళ్ళ సూచిక' అని ఒక అంకె కట్టారు. మీ ఫోనులో ఉన్న పేర్లు, మీ అన్నదమ్ముల ఫోనుల్లో ఉన్న పేర్లు, పెళ్ళి ఫోటోల్లో మీ వెనక నిలబడ్డ మొహాలు అన్నీ జల్లెడ పట్టి, ఆ పేటలో కేకేస్తే పలికే దూరంలో మీవాళ్ళు ఎంతమంది ఉన్నారో కార్యాలయం వారి యాప్ లెక్క తీస్తుంది. ఎక్కువుంటే క్షేమం, తక్కువుంటే గండం. వీధి దీపాలు వెలుగుతాయా, పిలిస్తే పోలీసులు వస్తారా వంటి చిల్లర విషయాలు ఈ లెక్కలోకి రావు.

కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షించే ఆవిడకు ఈ శాస్త్రమంతా తెలియదు. ఆవిడ పని చీకటి గదిలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళ కళ్ళకూ అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడగడం. నలభై దాటాయి, ఆవిణ్ణి మాత్రం ఆ ముక్క అడిగిన పాపాన ఎవరూ పోలేదు. అమ్మ, అన్నయ్య, వదినలతో కలిసి ఉంటుంది. పడక హాల్లో. ఆ ఇంట్లో ఆవిడ లోపల గడియ పెట్టుకోగలిగింది స్నానాల గది ఒక్కటే. అక్కడ కూడా కాస్త ఆలస్యమైతే "ఏం చేస్తున్నావే లోపల?" అని బయట విచారణ మొదలవుతుంది. మూడు రోజులు తలుపు వేసుకుని, ఎవరికీ జవాబు చెప్పకుండా, ఏదో ఒక కిటికీ దగ్గర కూర్చోవాలి. ఆవిడ కోరిక అంతే. ఎన్నేళ్ళుగానో ఉన్న కోరిక, నోరు తెరిచి చెప్పాలంటే సిగ్గేసేంత బలంగా ఉన్న కోరిక.

యాప్‌లో వెతగ్గా వెతగ్గా ఒక దూరపు నగరంలో, పాత అచ్చాఫీసుల పేటలో ఒక మేడమీద గది కనబడింది. ఫోటోలో ఒక మంచం, ఒక బల్ల, ఒక కిటికీ, ఒకే ఒక్క కుర్చీ. ఆవిడ ఆ కుర్చీని చూసి మనసు పారేసుకుంది. వేలు పెట్టి నొక్కేసరికి తెర ఎర్రబడింది. 'ఈ పేటలో మీవాళ్ళు: సున్నా. మీ నిర్ణయం మార్చుకోవడానికి మేం చేయగలిగిన సాయం ఏదైనా ఉందా?' అని వచ్చింది. అదే సందేశం, ముందుజాగ్రత్తగా, అన్నయ్య ఫోనుకూ వెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంట్లో సభ తీరింది.

"స్టేషను పక్క పేటలో దిగు. మా మేనత్త కోడలి తమ్ముడు అక్కడే ఉంటాడు" అంది వదిన.

"అతన్ని నేనెప్పుడూ చూళ్ళేదు వదినా."

"నువ్వు చూడకపోతేనేం? అతను చూస్తాడుగా నిన్ను."

"పోనీ ఏటి ఒడ్డు పేటయితే మా పాత మేనేజరున్నాడు. రోజూ ఓసారి వచ్చి తలుపు కొట్టి చూసి వెళ్తాడు, పాపం" అన్నాడు అన్నయ్య.

అమ్మకు అసలు విషయమే మింగుడు పడలేదు. "కూర్చోడానికి అంత దూరం పోవాలా? ఇంట్లో కుర్చీలు లేవుటే?"

"ఉన్నాయమ్మా. అన్నిట్లోనూ ఎవరో ఒకరున్నారు."

ఆ పూట ఆవిడకు భోజనం పెట్టారు గాని ఎవరూ పలకరించలేదు. (ఆవిడకు ప్రాణం ఎంత హాయిగా ఉందో చెప్పలేం.)

సున్నా పేటకు వెళ్ళదలచినవాళ్ళు కార్యాలయానికి స్వయంగా రావాలని నిబంధన. వెళ్ళింది. 'ఒంటరి ప్రయాణికులు ఇద్దరిద్దరుగా నిలబడవలెను' అని గోడమీద పెద్దక్షరాలతో రాసి ఉంది. ముక్కూమొహం తెలియని ఒక సంగీతం మాస్టారి పక్కన జంటగా నిలబడి, పొద్దెక్కాక ఉప సహాయ పేటాధికారి ముందుకు చేరింది. ఆయన దరఖాస్తును కిందినుంచి పైకి చదివారు.

"ఎవరూ లేరా? బాగా ఆలోచించండి మేడమ్. వెతికితే ఎవరో ఒకరు తగలకపోరు."

"ఎవరూ లేరనేనండీ, ఆ పేట ఎంచుకున్నాను."

అధికారి కలం కింద పెట్టారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నేరాన్ని ఇంత ధైర్యంగా ఒప్పుకున్నవాళ్ళని చూళ్ళేదు."

"ఇందులో నేరమేముందండీ?"

"అబ్బే, మాటవరసకన్నాను. కాగితం మీద దీన్ని 'ప్రత్యేక అభిరుచి' అంటాం. అడిగినవాళ్ళని కాదని పంపం. మనవాళ్ళు లేని పేటకు మనవాళ్ళని సమకూర్చే పూచీ మాది."

అలా ఆవిడకు నియమిత బంధువుల పథకం గురించి తెలిసింది. పేటకో పిన్ని, బాబాయి చొప్పున కార్యాలయం జీతమిచ్చి పోషిస్తోంది. (మేనమామల నియామకం కోర్టులో ఉంది. అత్తయ్యలను కోరి అడిగినవాళ్ళు ఇంతవరకు లేరు.) వచ్చినవాళ్ళకు ఎదురెళ్ళడం, "చిక్కిపోయావే" అనడం, ఒంటరిగా ఎందుకొచ్చావని పూటపూటా అడగడం, రోజూ ఇంటికి నివేదిక పంపించడం వీళ్ళ విధులు. అచ్చాఫీసుల పేటకు బాబాయి సెలవులో ఉన్నందున పిన్నిని కేటాయించారు. ఆవిడ వద్దని చెప్పబోయింది. 'వద్దు' అనడానికి వేరే కౌంటరుంది, అది మూసి ఉంది.

గది అచ్చం ఫోటోలో ఉన్నట్టే ఉంది. కిటికీ ఉంది, బల్ల ఉంది, కుర్చీ మాత్రం ఇంకోటి పెరిగింది. పెరిగిన కుర్చీలో పిన్ని కూర్చుని ఉంది.

"చిక్కిపోయావే!" అంది పిన్ని లేవకుండానే.

"మీరు నన్ను చూడ్డం ఇదే మొదలు కదండీ?"

"అయినా అనాలి తల్లీ, రాసుంది. ఒంటరిగా ఎందుకొచ్చావు?"

ఆవిడ సంచి దించి తలుపు వేయబోయింది. గడియ ఉండాల్సిన చోట మేకుల రంధ్రాలున్నాయి.

"నిన్ననే ఊడబీకించాం. నీ భద్రత కోసమే. లోపల నీకేమన్నా అయితే మేమెట్లా రావాలి?" అంది పిన్ని.

"పిన్నిగారూ, మీకు దణ్ణం పెడతాను. ఒక్క గంట నన్నిలా వదిలెయ్యండి. నేనేమీ చెయ్యను, ఊరికే కూర్చుంటాను."

పిన్ని ప్రభుత్వపు గొంతు కాస్త దిగింది. "మా ఇంట్లో నేను పొద్దున లేస్తే నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉంటానమ్మా. ఈ డ్యూటీ దొరికాకే కూర్చుంటున్నాను. నన్ను లెమ్మంటావా?"

ఆవిడ లెమ్మనలేకపోయింది. ఇద్దరూ చెరో కుర్చీలో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పిన్ని సాయంత్రందాకా తన మోకాళ్ళ గురించి, కోడలి గురించి, కోడలి మోకాళ్ళ గురించి చెప్పి, ఆరవగానే చెప్పులు వేసుకుంది.

"ఆరు దాటితే నేను నీకేమీ కానమ్మా. రేపొస్తాను" అని మెట్లు దిగిపోయింది.

ఇంకా వెలుతురుంది. ఆవిడ వీధిలోకి దిగింది. అచ్చాఫీసులు మూసేస్తున్నారు. కాగితం వాసన, సిరా వాసన. ఒక గుమ్మంలో నలుగురు ఆడవాళ్ళు పుస్తకాలు కుడుతూ, తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. ఎక్కడికని అడగలేదు, ఎవరమ్మాయివని అడగలేదు. ఎడమకు తిరగాలనిపించి తిరిగింది. ఎందుకు తిరిగావని అడిగేవాళ్ళు లేరు. ఆవిడకు ఏడుపొచ్చేంత సంతోషం కలిగింది. ఈ వయసులో నడక నేర్చినట్టుందని నవ్వుకుంది కూడా.

మొదటి మలుపు దగ్గర ఎవడో ఒకడు వెనక చేరాడు. ఆవిడ ఆగితే ఆగాడు. రోడ్డు దాటితే దాటాడు. పుస్తకాలు కుట్టే చోటికి వెనక్కి పరుగెత్తింది, తలుపులు వేసేశారు. వాడు గుమ్మందాకా వెంట రాగా గబగబా మేడమెట్లెక్కి గదిలో పడింది. తలుపుకు గడియ లేదు. ఉన్న కుర్చీలు రెండూ తలుపుకు అడ్డంగా ఈడ్చి, తను నేలమీద కూర్చుని, కార్యాలయం వారి క్షేమవాణికి ఫోను చేసింది.

"నమస్కారం. ఆయన మీకేమవుతారు?" అంది అవతలి గొంతు.

"ఏమీ కాడండీ! ఎవడో నాకు తెలీదు. వెంటపడుతున్నాడు!"

"ఎక్కణ్ణుంచి వెంట ఉన్నారు?"

"మొదటి మలుపు నుంచి. కింద గుమ్మంలోనే నిలబడ్డాడు. త్వరగా ఎవరినైనా పంపండి!"

"గుమ్మందాకా వచ్చారు. సరే, నమోదు చేశాం. పిన్నిగారి పనివేళలు అయిపోయాయి, రేపు పొద్దున కలుస్తారు. మా సేవ మీకు ఎలా అనిపించింది?"

ఆవిడ ఫోను పెట్టేసింది. అంత దూరం వచ్చి, ఆ కిటికీ వైపు చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు. కింద ఎవరో దగ్గారు. పోలీసుల నంబరు సగం నొక్కిందో లేదో ఫోనే మోగింది. అమ్మ. గొంతులో ప్రయాణం మాట ఎత్తినప్పటినుంచీ లేని నెమ్మది.

"నివేదిక వచ్చిందే. అన్నయ్య చదివి వినిపించాడు. 'సాయంత్రపు నడకలో ప్రయాణికురాలు ఒంటరిగా లేరు. మొదటి మలుపు నుంచి గుమ్మందాకా ఒక వ్యక్తి వెంట ఉన్నారు. సంతృప్తికరం' అని రాశారు. ఇప్పటికి నా ప్రాణం కుదుటపడింది తల్లీ. ఎవరే ఆ పుణ్యాత్ముడు? కిందే నిలబెట్టేశావట, పైకి పిలిచి కాసిని మంచినీళ్ళయినా ఇచ్చావా లేదా?"