జాతీయ కప్పుకి వేదిక చాల్లేదు

ఆ ఆదివారం పొద్దున్న సత్యదుర్గారావు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. అమలాపురం వెళ్ళి ఒక కప్పు కొనాలి. రాజోలు కుర్రాళ్ళని పిలిచి తన కుర్రాళ్ళతో ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడించాలి. దాన్ని ప్రెసిడెంటు గారికి చూపించాలి. అంతే.

సఖినేటిపల్లి రేవుకి కాస్త ఇవతలున్న ఆ ఊళ్ళో కొబ్బరిచెట్టు లేని చదును నేల ఒక్కటే ఉంది. అది పంచాయతీ స్థలం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారైన దుర్గారావు సాయంత్రాలు అక్కడ ఫుట్‌బాల్ నేర్పుతుంటాడు. రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద తాళ్ళు కట్టేవాళ్ళు, రొయ్యల చెరువుల్లో మేత చల్లేవాళ్ళు ఆయన జట్టు. ఇప్పుడా స్థలాన్ని, కాయలొలిచిన కొబ్బరి డొక్కలు గుట్టపోసుకోవడానికి వ్యాపారులకు లీజుకిస్తారని వినికిడి. వెళ్ళి అడిగితే ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు మర్యాదగానే చెప్పారు. "మీ ఆట వల్ల ఊరికి పేరొస్తుందని చూపించండి మాస్టారూ, లీజు మాటే ఎత్తను."

"కప్పు కొనడానికెళ్ళి కప్పే తీసుకురండి," అంది భార్య ఉషారాణి సంచీ అందిస్తూ. "కిందటిసారి గోలుపోస్టుకి వల కొంటానని వెళ్ళి పూతరేకులు తెచ్చేరు."

దారిలో కరపత్రం చిత్తుప్రతి చూపిద్దామని ప్రెసిడెంటు గారింటి దగ్గర ఆగడమే దుర్గారావు చేసిన మొదటి పొరపాటు.

"ఏంటండీ ఇది, ఉత్తి 'ఫుట్‌బాల్ పోటీ' అని రాసేరు? 'జాతీయ స్థాయి' అని వెయ్యొద్దూ?" అన్నారాయన.

"రెండే జట్లండి. రెండూ గోదారికి ఈ ఒడ్డువేనండి."

"అయితేనేం? పక్కూళ్ళో ముగ్గులపోటీ అఖిల భారత స్థాయిలో పెట్టేరు. ముగ్గేసినవాళ్ళందరూ ఒకే వీధి వాళ్ళు. ఎవరన్నా అడిగేరా?"

"ఆయ్," అన్నాడు దుర్గారావు.

ఆ ప్రాంతంలో పోటీకి ముందు 'జాతీయ' అనడం మనిషి పేరు వెనక 'గారు' అనడం లాంటిది. అది గౌరవం కోసం పెట్టేదే తప్ప దానికి అర్థం వెతికే అలవాటు ఎవరికీ లేదు. దుర్గారావు వెతికాడు. వాళ్ళింట్లో డిగ్రీ దాకా చదివినవాడు ఆయనొక్కడే కావడం వల్ల అచ్చులో పడ్డ ప్రతి మాటకీ తనే పూచీ అనుకుంటాడు. జాతీయ పోటీ అని వేశాక జాతికి చెప్పకపోతే మోసం కాదూ? కప్పు కొనే పని వాయిదా వేసి, ఆ వారమంతా స్కూలు విరామంలో ఫోను ముందేసుకుని, దేశంలో కనిపించిన ప్రతి ఫుట్‌బాల్ క్లబ్బుకీ ఆహ్వానం పంపాడు. జీతం తీసుకుని ఆడేవారు, ఆడినందుకు ఇంట్లో తిట్లు తినేవారు ఇద్దరూ ఈ కప్పుకి సమానంగా అర్హులే అని అందులో స్పష్టంగా రాశాడు.

ఒక జవాబు వచ్చింది. కేరళలో ఒక ప్రొఫెషనల్ క్లబ్బు. విశాఖపట్నంలో ఆట ముగించుకుని వెనక్కి పోతూ ఒక రోజు ఆగుతారట. భోజనం, బస చూస్తే చాలట.

దుర్గారావు పరుగున వెళ్ళి చెప్పాడు. ప్రెసిడెంటు గారి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"నిజంగా వస్తారా?"

"ఆయ్. టిక్కెట్లు కూడా తీసేసుకున్నారండి."

"పిలిస్తే వచ్చెయ్యడమేనా అండీ! ఇదేం పద్ధతి?" అన్నారాయన. కాసేపు కుర్చీలోనే కదిలి, రెండో గుక్క తాగేసరికి ఆయన ముఖం విప్పారింది. "అంటే... మనది నిజంగానే జాతీయ కప్పన్నమాట!"

ఆ మాట గోదావరి మీద గాలిలా ఊరంతా తిరిగింది. రాజోలు కుర్రాళ్ళు ఆడడం మానుకుని చూడ్డానికొస్తామన్నారు. రిటైర్డు హెడ్మిస్ట్రెస్ సీతారత్నం గారు భర్త జ్ఞాపకార్థం కప్పు తానే ఇస్తానన్నారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళు షీల్డు అన్నారు. మేత కంపెనీ డీలరు శాలువాలన్నాడు. భోజనాలకి దాత, దండలకి దాత, మైకుకి దాత, చివరికి ఈల కొనివ్వడానికి కూడా దాత దొరికాడు. దాతని వేదిక మీద కాకుండా కింద కూర్చోబెట్టడం ఆ ఊళ్ళో పుట్టి పెరిగినవాడెవడూ చేయలేడు. దాతని పిలిచి ఆయన బావగారిని వదిలేస్తే మళ్ళీ ఏ పెళ్ళిలోనూ ఇద్దరూ ఒక పంక్తిలో కూర్చోరు.

ఆటస్థలం గీత పక్కన చిన్న పందిరిగా మొదలైన వేదిక, ఒక వరస చాలక రెండు వరసలైంది, రెండు చాలక నాలుగైంది.

"మాస్టారూ, మీ ఆటని కాస్త వెనక్కి జరుపుకోండి," అన్నారు ప్రెసిడెంటు.

దుర్గారావు సున్నం గీత చెరిపి వెనగ్గా గీశాడు. మర్నాడు ఇంకొంచెం. పదకొండుమంది ఆట ఏడుగురికి దిగింది.

"అయిదుగురితో కూడా ఆడతారటగా?"

"ఆయ్, ఆడతారండి," అన్నాడు దుర్గారావు నీరసంగా. కొబ్బరి డొక్కలైతే ఏడాది పొడుగునా ఉంటాయి, వేదికైతే ఒక్క రోజు కదా అని మనసుకి సర్దిచెప్పుకున్నాడు.

పోటీ నాటి పొద్దున్న జిల్లా నుంచి పెద్దలొస్తున్నారని కబురందింది. పెద్దలకి సోఫాలు కావాలి. సోఫాలకి చోటు కావాలి. వేదిక ఇంకాస్త ముందుకొచ్చింది. ఒకవైపు గోలుపోస్టు దాని వెనక్కిపోయి, ఫ్లెక్సీ కట్టుకోవడానికి పనికొచ్చింది.

కేరళ జట్టు బస్సు దిగి చుట్టూ కొబ్బరిచెట్లని చూసింది. "ఇంత దూరం వచ్చింది మళ్ళీ మా ఇంటికేనా?" అన్నాడు వాళ్ళ గోలీ హిందీలో. తర్వాత వాళ్ళ కోచ్ గారు గ్రౌండ్ ఎక్కడని అడిగారు. ముందు భోజనం అన్నారు ఊరివాళ్ళు. విస్తళ్ళలో పులిహోర, పనసపొట్టు కూర, గారెలు, బొబ్బట్లు పడ్డాయి. వద్దని చెయ్యి అడ్డుపెట్టిన కుర్రాడికి చేతిమీదే నెయ్యి వడ్డించారు. భోజనాలయ్యాక అందర్నీ తీసుకొచ్చి కుర్చీల్లో కూర్చోబెట్టారు.

"ఇప్పుడు చెప్పండి, గ్రౌండ్ ఎక్కడ?" అన్నారు కోచ్ గారు.

"మీరు కూర్చున్నది దాని మీదేనండి," అన్నాడు దుర్గారావు తలవంచుకుని.

జ్యోతి వెలిగించారు. ఉపన్యాసాలు మొదలయ్యాయి. ఫుట్‌బాల్‌కీ కోనసీమకీ ఉన్న ప్రాచీన సంబంధం గురించి, అలాంటిది ఒకటుందని అప్పుడే కనిపెట్టిన ఒకాయన చాలాసేపు మాట్లాడారు. దాతలకి శాలువాలు, దాతల బావగార్లకి శాలువాలు, ఆటగాళ్ళకి శాలువాలు. సూర్యుడు కొబ్బరిమట్టల వెనక్కి దిగాడు. అప్పటికి వేదిక ముందు మిగిలింది ఒక గోలుపోస్టు, దాని ముందు పెళ్ళిపందిరంత జాగా.

"పెనాల్టీలు కొట్టుకుందాం," అన్నారు కోచ్ గారు గడియారం చూసుకుంటూ. "మా బస్సుకి వేళవుతోంది."

కేరళ కుర్రాడు మొదటి బంతి కొట్టాడు. గోల్. ఊరంతా చప్పట్లు. తర్వాత పంటు మీద పనిచేసే వీరవెంకటరమణ కొట్టాడు. అదీ గోల్. ఊరంతా నిశ్శబ్దం. సీతారత్నం గారు మైకు అందుకున్నారు.

"ఒరే రమణా! ఇంటికొచ్చినవాళ్ళతో అలాగేనా ప్రవర్తించేది? అయిదో క్లాసులో నీకిదేనా నేర్పేను?"

రమణ చెవులు పట్టుకున్నాడు. ఆ తర్వాత ఊరి కుర్రాళ్ళెవరూ గోల్ వైపు కొట్టలేదు. ఒకడు ఆకాశంలోకి తన్నాడు. ఒకడు బంతిని వదిలేసి మట్టిని తన్నాడు. ఇది చూసి కేరళవాళ్ళు తమలో తాము ఏదో అనుకున్నారు. వాళ్ళ బంతులు కూడా కొబ్బరితోటలోకి పోవడం మొదలైంది.

"ఏంటండీ ఇది?" అన్నాడు దుర్గారావు కోచ్ గారి దగ్గరకెళ్ళి.

"చేతిమీద నెయ్యింకా ఆరలేదు సార్. అన్నం పెట్టినవాళ్ళని ఓడించి ఏ మొహంతో బస్సెక్కమంటారు?"

దుర్గారావుకి లీజు గుర్తొచ్చింది. ఎవరూ గెలవని కప్పుతో ఊరికేం పేరొస్తుంది? పేరు రాకపోతే రేపే డొక్కల లారీలొస్తాయి. "ఎవరో ఒకరు గెలవండ్రా బాబూ!" అని బతిమాలాడు. ఎవరూ వినిపించుకోలేదు. మర్యాదలో తగ్గడానికి ఏ జట్టూ సిద్ధంగా లేదు.

కేరళ ఆటగాళ్ళలో చివరివాడు బంతిని వీధిలోకి తన్నేశాక ఇటువైపు గోలీ ముత్యాలరాజు వంతు వచ్చింది. అతను గురిచూసి కావాలనే పోస్టుకేసి కొట్టాడు. బంతి పోస్టుకి తగిలి అంతే వేగంగా వెనక్కొచ్చింది, వేదిక చెక్కకి ఠప్పున కొట్టుకుంది, మళ్ళీ ఎగిరి, శాలువా మడతపెట్టుకుంటున్న కేరళ గోలీ పక్కనుంచి వలలోకి పోయి కూర్చుంది.

వేదికకి తగిలి లోపలికెళ్ళిన బంతి చెల్లదని రిఫరీగా నిలబడ్డ దుర్గారావుకి తెలుసు. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు కూడా.

"గోలే!" అని అరిచి కోచ్ గారు ఆయన్ని కావిలించుకున్నారు. కేరళ జట్టు మొత్తం పరుగున వచ్చి ముత్యాలరాజుని భుజాలకెత్తుకుంది. ఓడినందుకు అంత సంతోషించిన జట్టుని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. గెలిచినందుకు ముత్యాలరాజు మాత్రం ఆ భుజాల మీదనుంచే అందరికీ క్షమాపణలు చెబుతున్నాడు.

ప్రెసిడెంటు గారు మైకు పట్టుకున్నారు. "ఈ రోజు మన ఊరు దేశంలో తలెత్తుకు నిలబడింది. దుర్గారావు మాస్టారికిచ్చిన మాట ప్రకారం ఈ స్థలం ఏ వ్యాపారికీ లీజుకివ్వం. ఎప్పటికీ ఇవ్వం!"

దుర్గారావు కళ్ళు తడిశాయి. ఉషారాణి జనంలోంచి చెయ్యి ఊపింది.

"అయితే ఒక్క మాట," అన్నారు ప్రెసిడెంటు గారు. "బంతి దేనికి తగిలి గోలయింది? వేదికకి! వేదికే లేకపోతే మనకి కప్పుందా? అందుకని ఈ స్థలం మొత్తంలో సిమెంటుతో పక్కా వేదిక కడుతున్నాం. జాతీయ ఫుట్‌బాల్ కప్పు శాశ్వత వేదిక!"

దాతలు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఒకరు సిమెంటన్నారు, ఒకరు ఇసుకన్నారు. దుర్గారావు సోఫాల మధ్యనుంచి దారి చేసుకుని వెళ్ళాడు.

"ప్రెసిడెంటు గారండీ... మరి ఆటండి?"

"ఆటదేవుందండీ మాస్టారూ," అన్నారాయన ప్రేమగా భుజం తడుతూ. "ఎక్కడైనా ఆడుకోవచ్చు. సభకే చోటు దొరకదు."

పునాదులు పడ్డాయి. దుర్గారావు జట్టు ఇప్పుడు కాలువ గట్టు మీద సాధన చేస్తోంది. జాతీయ కప్పు గెలిచిన ఫుట్‌బాల్ జట్లలో ఈత వచ్చి తీరాల్సిన జట్టు దేశం మొత్తమ్మీద బహుశా అదొక్కటే.