గ్లెండా ఇంటి వెనక గది

"ఖాళీగా ఉన్న ప్రతి పడకగదీ సమాజం గుండెకి పడిన చిల్లు!" అని కౌన్సిలర్ బర్నార్డ్ పికర్స్‌గిల్ గారు కోల్డర్‌షా టౌన్‌హాల్ మెట్ల మీద నిలబడి ప్రకటించినప్పుడు వాన దంచి కొడుతోంది. అయినా ఆయన గొడుగు పట్టుకోలేదు. ప్రజల మనిషి. వెనకాల నిలబడి గుమాస్తా ఆయనకి గొడుగు పట్టాడు, గుమాస్తా తడిశాడు.

"రెక్కలొచ్చి ఎగిరిపోయిన పిల్లల్ని మళ్ళీ పిలవండి! అమ్మ చేసిన గ్రేవీని మించిన సంక్షేమ పథకం ఈ దేశంలో ఏ ప్రభుత్వమూ పెట్టలేదు!" అన్నారు కౌన్సిలర్ గారు. బ్యాండు వాళ్ళు బాకాల్లోంచి నీళ్ళు ఒంపుకుని ఒక పాట వాయించారు. 'తిరిగి గూటికి' పథకం అలా మొదలైంది.

పికర్స్‌గిల్ గారిది ఊరి పైన కొండ మీద పెద్ద ఇల్లు. అందులో ఆయనా, ఆయన భార్యా, చెవుడొచ్చిన ఒక కుక్కా ఉంటారు. మిగతా గదులన్నీ ఖాళీ. అయితే అవి సొంత గదులు. సొంత గది ఎన్నాళ్ళు ఖాళీగా ఉన్నా సమాజానికి చిల్లు పడదు. ఊరి కౌన్సిల్ వాళ్ళ ఇంట్లో అద్దెకుండేవాళ్ళ గది ఖాళీగా ఉంటేనే పడుతుంది. ఈ సూక్ష్మం అందరికీ అర్థం కాదు.

గ్లెండా హార్డకర్‌కి మాత్రం బాగా అర్థమైంది. వీవర్స్ రో వీధిలో ఆమెది రెండు పడకగదుల కౌన్సిల్ ఇల్లు. మొగుడు కెన్ పోయాడు. ఆమె బడి క్యాంటీన్లో పిల్లలకి వడ్డిస్తుంది. ఆ జీతానికి అద్దె అందదు కాబట్టి కౌన్సిల్ వాళ్ళు హౌసింగ్ బెనిఫిట్ అనే అద్దె సాయం ఇస్తారు. కొడుకు క్రెయిగ్ వేరే కాపురం పెట్టాక వెనక గది ఖాళీ అయింది. కిందటేడు కొత్త చట్టమొచ్చి, గది ఖాళీగా ఉంచుకున్నందుకు ఆమె బెనిఫిట్‌లో కోత పెట్టారు. ఆమె కిక్కురుమనకుండా హీటర్ ఆపేసి, కోటు వేసుకుని టీవీ చూడటం అలవాటు చేసుకుంది.

అంతలో క్రెయిగ్ తిరిగొచ్చాడు. పని చేసే తివాచీల గోడౌన్ మూతపడింది. కలిసుంటున్న పిల్ల, బట్టలు రెండు చెత్త సంచుల్లో కుక్కి గుమ్మం బయట పెట్టింది. ఇరవయ్యేడేళ్ళ మగవాడు తన చిన్నప్పటి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పై (మాంసం కూరిన రొట్టె) పెడితే రెండు ముక్కలు గిల్లి వదిలేశాడు. గ్లెండాకి భయమేసింది. వీధి చివర మేవిస్ కొడుకు ఇలాగే గోడ చూస్తూ చూస్తూ ఒకనాడు వంతెన దగ్గరికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. వీణ్ణి కళ్ళెదుట పెట్టుకోవాలి. ఆమెకు కావలసింది అంతే.

అందుకని పథకం సంగతి వినగానే ఆమె నిజంగానే సంబరపడింది. కొడుకు ఇంట్లో ఉంటాడు, గది నిండుతుంది, కోత పోతుంది, పైగా కౌన్సిల్ వాళ్ళే శభాష్ అంటున్నారు. ఇంకేం కావాలి?

శభాష్ అనడానికి కౌన్సిలర్ గారే స్వయంగా వచ్చారు. గూటికి చేరిన మొదటి కుటుంబంగా గ్లెండాని ఎంపిక చేశారు. ఫోటోగ్రాఫర్ వచ్చాడు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. ఎదురింటి పాలీన్ గేటు మీద మోచేతులు ఆనించి, సినిమాకి వచ్చినట్టు నిలబడింది.

వీవర్స్ రోలో ఒక ఆచారం ఉంది. కర్టెన్లు చిరిగినా సరే, వీధి వైపు తెల్లగా కనపడాలి. ఇంట్లో పిల్లి పొయ్యిలో పడుకున్నా సరే, గుమ్మంలో నిలబడ్డప్పుడు "మాకేం లోటండీ" అనాలి. అనకపోతే తల కొట్టేసినట్టు ఉంటుంది.

"మరి అబ్బాయి ఏం చేస్తుంటాడమ్మా?" అన్నారు కౌన్సిలర్ గారు, పది ఇళ్ళకి వినపడేలా.

గ్లెండా పాలీన్ వైపు చూసింది. పాలీన్ కొడుకు గ్యాస్ కంపెనీలో వ్యాన్ నడుపుతాడు. ఆ సంగతి ఆ వీధిలో తెలియని కుక్క లేదు.

"సూపర్‌వైజరండీ," అంది గ్లెండా. "గోడౌన్లో. వాడి కింద బోలెడు మంది పనివాళ్ళు."

"అమ్మా!" అన్నాడు క్రెయిగ్ వెనకనుంచి.

"సిగ్గండీ వాడికి," అంది గ్లెండా.

పై వారానికల్లా ప్రతి బస్‌స్టాప్‌లోనూ పోస్టరు వెలిసింది. 'సూపర్‌వైజర్ క్రెయిగ్ గూటికి చేరాడు. మరి మీవాడు?' క్రెయిగ్ ఆ పోస్టరు కంటపడకుండా సందుల్లోంచి నడవడం మొదలుపెట్టాడు.

కౌన్సిలర్ గారి గది టౌన్‌హాల్ పై అంతస్తులో ఉంటుంది. బెనిఫిట్ల ఆఫీసు అదే భవనంలో కింద ఉంటుంది. పై అంతస్తు వాళ్ళు ప్రజలని ప్రేమిస్తారు, కింది అంతస్తు వాళ్ళు లెక్క చూస్తారు. కింద గావిన్ స్నెల్ అనే యువ అధికారి ఉన్నాడు. ఆఫీసులో అతన్ని మించిన నిజాయితీపరుడు లేడని తోటివాళ్ళు కాస్త భయంగా చెప్పుకుంటారు. గావిన్ బస్సు కోసం నిలబడి పోస్టరు చదివాడు. జేబులోంచి పెన్సిల్ తీశాడు.

మర్నాడే గ్లెండా బెనిఫిట్ తెగ్గోశారు. గది ఖాళీగా ఉన్నప్పటి కోత పోయింది. గది నిండినందుకు కోత వచ్చింది. ఇది దానికంటే పెద్దది.

గ్లెండా క్యాంటీన్ ఆప్రాన్‌తోనే టౌన్‌హాల్‌కి పరుగెత్తింది.

"ఇంట్లో సంపాదించే పెద్దబ్బాయి ఉన్నాడు కదండీ, మిసెస్ హార్డకర్," అన్నాడు గావిన్ చాలా మర్యాదగా. "అద్దెలో తన వాటా తనిస్తాడని చట్టం నమ్ముతుంది."

"వాడేమీ ఇవ్వడు బాబూ! వాడి దగ్గర ఉంటేగా!"

"ఇచ్చినా ఇవ్వకపోయినా చట్టం నమ్మకం చట్టానిదండీ. ఆదాయం రుజువు లేకపోతే అన్నిటికంటే పెద్ద కోత వెయ్యాలి. అందులోనూ సూపర్‌వైజరు."

"కాదయ్యా, వాడు సూపర్‌వైజరు కాడు. ఆ మాట... ఊరికే అన్నాను."

"అయితే ఉద్యోగం లేదని వాళ్ళ యాజమాన్యం చేత ఒక ముక్క రాయించుకు రండి."

"ఏ యాజమాన్యం?"

"ఆయన సూపర్‌వైజర్‌గా ఉన్నచోటి యాజమాన్యం."

"ఆ గోడౌన్ మూతపడింది నాయనా. తాళం వేశారు. ఎవర్నడగను?"

గావిన్ నిజంగానే బాధపడ్డాడు. "మీరు చెప్పేది నిజమైతే కౌన్సిలర్ గారి పోస్టరు అబద్ధమవుతుంది. అంత మాట నేను రాయలేనండీ. నా స్థాయి కాదు. పై అంతస్తులో అడగండి."

పై అంతస్తు వారు శనివారాల్లో లైబ్రరీలో, పిల్లల పుస్తకాల పక్కన బల్ల వేసుకుని ప్రజల గోడు వింటారు. పికర్స్‌గిల్ గారు గ్లెండా గోడు కళ్ళు మూసుకుని విన్నారు. విన్నాక ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"గ్లెండా గారూ, మీ కన్నీళ్ళు నావి. కానీ ఆ పోస్టర్లు అచ్చేసింది ప్రజాధనంతో. మార్చడం పాపం."

"మరి నన్నేం చెయ్యమంటారండీ?"

"ఒకటే మార్గం. మీవాడు నిజంగా సూపర్‌వైజరైపోతే ఏ గొడవా ఉండదు."

"ఉద్యోగం ఇప్పిస్తారా మీరు?"

"ప్రోత్సహిస్తాను," అన్నారు కౌన్సిలర్ గారు గంభీరంగా. తర్వాత వచ్చినవాడి కుక్కల బెడద వినడానికి అటు తిరిగారు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. అద్దె బాకీ పడింది. బాకీ ఇలాగే పెరిగితే ఇల్లు ఖాళీ చేయించి, ఆమెని ఊరవతల ఒంటి గది ఫ్లాటుకి పంపుతామని హెచ్చరిక వచ్చింది. గ్లెండా ఆ సంగతి క్రెయిగ్‌కి చెప్పలేదు. పాలీన్ చెప్పింది.

క్రెయిగ్ మళ్ళీ రెండు చెత్త సంచులూ దులిపాడు.

"ఎక్కడికిరా?"

"వేన్ వాళ్ళ గ్యారేజీలో సోఫా ఉందమ్మా. హాయిగా ఉంటా."

"గ్యారేజీలో హాయేంట్రా నీ మొహం! లోపల పెట్టు ఆ సంచులు."

"నేనుంటే నీ ఇల్లు పోతుందే అమ్మా."

"పోతే పోనీరా. గోడలు నాకు అన్నం పెడతాయా?"

"నువ్వు చలికి కోటు వేసుకుని కూర్చుంటుంటే నేను ఆ గదిలో ఎలా పడుకోను?" అన్నాడు క్రెయిగ్. ఈమధ్య వాడు అంత పొడుగు మాట మాట్లాడటం అదే మొదలు. ఆమె బుగ్గ మీద ముద్దు పెట్టి సందులోంచి వెళ్ళిపోయాడు. గ్లెండా పాత్రల గుడ్డలో మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపయ్యాక మొహం కడుక్కుని, కొడుకు ఇంట్లో లేడని కౌన్సిల్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆమె కూడా నిజాయితీపరురాలే.

నిజమో కాదో చూడటానికి గావిన్ వచ్చాడు. బీరువా తెరిచాడు. మంచం కింద వంగి చూశాడు. దిండు వాసన కూడా చూశాడు.

"ఖాళీయేనండీ. రేపటినుంచి మీకు మళ్ళీ ఖాళీ గది కోత మొదలవుతుంది. పాతదే, చిన్నదే," అన్నాడు ఊరడింపుగా.

సరిగ్గా అప్పుడే వీధి తలుపు దబదబా బాదారు. కౌన్సిలర్ గారు! ఒగరుస్తున్నారు. లండన్ నుంచి మంత్రిగారు పథకం చూడటానికి వచ్చారు. పెద్ద బజారులో స్వీట్లు రుచి చూస్తూ నిలబడ్డారు. రెండు వీధులు దాటితే ఇక్కడికే.

"క్రెయిగ్ ఏడీ?"

"మీరే వెళ్ళగొట్టారుగా," అంది గ్లెండా.

"అయ్యో తల్లీ! ఈ రోజుకి పిలవండి!"

"డబ్బు కట్టలేదని వాడి ఫోను కట్ చేశారు."

పికర్స్‌గిల్ గారి చూపు మేడ మీదనుంచి దిగుతున్న గావిన్ మీద పడింది. అదే వయసు. ఇంచుమించు అదే ఎత్తు.

"గావిన్! కోటు తియ్యి."

"సర్, నేను అధికారిక తనిఖీలో ఉన్నాను."

"టై కూడా."

మంత్రిగారు లోపలికి వచ్చేసరికి గావిన్ స్నెల్ క్రెయిగ్ పాత ఫుట్‌బాల్ చొక్కా, కెన్ చెప్పులూ వేసుకుని వంటింటి బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అది అతను ద్వేషించే జట్టు చొక్కా. ఎదురుగా పైముక్క, చిప్స్, బఠాణీలు. కెమెరాలు వరసగా మెరిశాయి.

"ఏం బాబూ, అమ్మ దగ్గర బావుందా?" అన్నారు మంత్రిగారు.

"చాలా బావుందండీ," అన్నాడు గావిన్. అబద్ధం కాదు. పై నిజంగానే బావుంది.

"పైనున్నది నీ గదేనా?"

గావిన్ కౌన్సిలర్ గారి వైపు చూశాడు. కౌన్సిలర్ గారు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయారు.

"నాదేనండీ," అన్నాడు గావిన్.

"ఏం చేస్తుంటావు?"

ఇక్కడ మాత్రం అతనికి అబద్ధం నోరు దాటలేదు. "కౌన్సిల్లో ఆఫీసర్నండీ."

"చూశారా!" అన్నారు మంత్రిగారు కెమెరాల వైపు తిరిగి. "మొన్నటి సూపర్‌వైజరు నేడు ఆఫీసరు! అమ్మ గూటిలో ఎంత ఎదుగుదల!" అందరూ చప్పట్లు కొట్టారు. గ్లెండా మాత్రం గావిన్ పళ్ళెంలో ఇంకో గరిటె గ్రేవీ పోసింది. బక్కపల్చగా ఉన్నవాణ్ణి చూస్తే ఆమె చెయ్యి ఆగదు.

పథకం దేశమంతటా అమలు చేస్తామని మంత్రిగారు ఆ సాయంత్రమే ప్రకటించారు. గ్లెండా బెనిఫిట్‌కి మాత్రం చిన్న కోత కాకుండా పెద్ద కోతే వచ్చింది. ఆమె మళ్ళీ టౌన్‌హాల్‌కి వెళ్ళింది.

"ఆ గదిలో సంపాదించే మగమనిషి ఉన్నాడని సాక్షాత్తూ మంత్రిగారే చూశారండీ," అన్నాడు గావిన్, ఆమె కళ్ళలోకి చూడకుండా.

"అది నువ్వేగా బాబూ!"

"నేనేనండీ. అందుకే ఈసారి ఆదాయం రుజువు కూడా సరిగ్గా ఉంది. నా జీతం కాగితం నేనే జతచేశాను."

"నువ్వు మా ఇంట్లో ఉండవు కదయ్యా!"

"ఆ మాట రాస్తే మంత్రిగారికి నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. ఉద్యోగం పోతుందండీ. మా అమ్మ కూడా నా మీదే ఆధారపడింది." అన్నాడు గావిన్. "ఇంకో మాట. క్రెయిగ్ గారిని మాత్రం ఇప్పుడు తీసుకురాకండి. ఇద్దరు పెద్దవాళ్ళయితే రెండు కోతలు. పైగా ఒక గదిలో ఇద్దరు మగవాళ్ళంటే ఇల్లు ఇరుకు కింద లెక్క. మీ అద్దె ఒప్పందమే రద్దు చెయ్యాల్సొస్తుంది."

ఆదివారం మధ్యాహ్నం క్రెయిగ్ ఎవరిదో ఫోన్ అడిగి పుచ్చుకుని ఇంటికి చేశాడు. దగ్గుతున్నాడు.

"అమ్మా, వేన్ పెళ్ళాం గ్యారేజీ ఖాళీ చెయ్యమంటోందే. కొన్నాళ్ళు ఇంటికొచ్చి ఉండనా? చప్పుడు చెయ్యను. గదిలోంచి బయటికే రాను."

గ్లెండా ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది.

"గది ఖాళీ లేదురా నాన్నా."

"ఖాళీ లేదా? ఎవరున్నారందులో?"

"కౌన్సిల్ ఆయన."

"ఇప్పుడున్నాడా?"

ఆమె తలెత్తి మెట్ల పైకి చూసింది. వెనక గది తలుపు బార్లా తీసి ఉంది. తను పొద్దున మార్చిన దుప్పటి ముడత పడకుండా అలాగే ఉంది.

"ఉన్నాడటరా," అంది.