అంగుళాలాయన సీతాకోకల లెక్క

ఆ ఉదయం అంగుళాలాయన పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. పదకొండు గంటలకు ఇంట్లోంచి బయల్దేరాలి, వెనక వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి నడవాలి, దారిలో కనిపించిన సీతాకోకచిలుకలు ఎన్నో కాగితం మీద రాయాలి, భోజనం వేళకి ఇల్లు చేరాలి. ముప్ఫై ఏళ్ళు మునిసిపల్ ఆఫీసులో కట్టడాల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి, ఎవరి గోడ ఎన్ని అంగుళాలు రోడ్డు మీదికి వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెప్పి ఆ పేరు సంపాదించుకున్న మనిషికి ఇదొక లెక్క కాదు. ఆయన రిటైరై రెండేళ్ళయింది గానీ ఆ పేరు మాత్రం ఇంకా రిటైరవలేదు.

నిజానికి ఆ పని ఆయనది కాదు, ఆయన భార్యది. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పిన టీచరమ్మ తొమ్మిదేళ్ళుగా, ఆ కొండ ఊళ్ళో చలి తగ్గిన దగ్గర్నుంచీ వారానికోసారి ఆ వీధిలో నడిచి, సీతాకోకచిలుకల లెక్క ఒక సంఘానికి పంపుతోంది. వరసగా పదేళ్ళు, ఒక్క వారం కూడా తప్పకుండా లెక్క అందితేనే ఆ వీధి వాళ్ళ శాశ్వత జాబితాలోకి ఎక్కుతుంది. మధ్యలో ఒక్క వారం ఖాళీ పడిందా, మళ్ళీ ఒకటో ఏడు నుంచి మొదలుపెట్టాలి. ఇది పదో ఏడు. అందులో మొదటి వారమే టీచరమ్మ స్టూలెక్కి అటక మీది డబ్బా అందుకోబోయి, డబ్బాతో సహా కిందపడి చీలమండ విరగ్గొట్టుకుంది. అది చాలదన్నట్టు ఆరు రోజులుగా ముసురు వదల్లేదు. ఇవాళ ఆ వారానికి ఆఖరి రోజు.

"ఏమండీ, మళ్ళీ ఒకసారి చెప్పండి," అంది ఆవిడ, కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని.

"వీధి మధ్యలో నడవాలి. అటు రెండున్నర మీటర్లు, ఇటు రెండున్నర మీటర్లు. ఆ హద్దులో ఉన్నదే లెక్క. దాటితే కంటి ముందున్నా లెక్క కాదు," అన్నాడాయన పాఠం అప్పజెబుతున్న కుర్రాడిలా.

"మబ్బు పడితే?"

"ఎక్కడున్నవాణ్ణి అక్కడే నిలబడాలి. ఎండ వచ్చేదాకా కదలకూడదు. నీడలో పదమూడు డిగ్రీలు దాటాలి. ఏమీ కనబడకపోతే సున్నా అని రాయాలి."

"సున్నా రాయడానికి సిగ్గుపడకండి. సున్నా కూడా లెక్కే. నడవకపోవడమే తప్పు," అంటూ దారానికి కట్టిన థర్మామీటరు ఆయన చేతిలో పెట్టింది. "ఈ రోజుల్లో కనిపించేవి మూడే రకాలు. పసుపుది, ఇటుకరంగుది, రెక్కల మీద నెమలికన్నులున్నది. తికమకపడితే ఫోన్ చెయ్యండి."

ఇన్నేళ్ళూ ఆయన ఈ వ్యవహారాన్ని "మా ఆవిడ ఈగలు లెక్కపెట్టుకోవడం" అని నలుగురిలో వేళాకోళం చేసినవాడే. కానీ నిన్న రాత్రి కిటికీలోంచి వాన చూస్తూ ఆవిడ చడీ చప్పుడూ లేకుండా కళ్ళు తుడుచుకోవడం ఆయన కంటపడింది. ఆ తర్వాత వేళాకోళానికి నోరు రాలేదు. తెల్లారేసరికి బూట్లు తుడుచుకుని సిద్ధమయ్యాడు.

వీధి మొదట్లో అడుగుపెట్టగానే కొంచెం ఎండ కనిపించింది. సంబరంగా పది అడుగులు వేశాడో లేదో మబ్బు మూసుకుంది. చెప్పిన ప్రకారం ఉన్నచోటే ఆగిపోయాడు. ఆగింది సరిగ్గా సెలూన్ ముందు. సెలూన్ వాడు అప్పుడే ఒకాయనకి సగం గడ్డం గీసి, తలెత్తి అద్దంలో చూశాడు. అద్దంలో అంగుళాలాయన. చేతిలో అట్ట, అట్టకి క్లిప్పు, క్లిప్పుకి కాగితం. సెలూన్ వాడి గుండె గుభేలుమంది. ఈ రెండేళ్ళలో గుమ్మం ముందు వేసుకున్న రేకుల చూరు అతనికి కళ్ళముందు మెదిలింది.

అంగుళాలాయన చెయ్యి చాచి థర్మామీటరుని ఆ చూరు నీడలో వేలాడదీశాడు. ఒక కన్ను మూసి, రెండో కంటితో దాన్నే చూస్తూ కాగితం మీద ఏదో రాశాడు.

"ఏమిటది?" అన్నాడు సగం గడ్డం ఆయన.

"కొత్త మిషను. టేపు కూడా అక్కర్లేదనుకుంటా, గాల్లో పట్టుకుంటే చాలు, ఎంత ముందుకొచ్చామో అదే చెప్పేస్తుంది," అన్నాడు సెలూన్ వాడు గొంతు తగ్గించి.

అంతలో అంగుళాలాయన ఫోన్ తీశాడు. "పన్నెండున్నర ఉంది. ఒక అర వదిలేస్తే ఏమవుతుంది?" అన్నాడు. అవతల టీచరమ్మ ఏమందో సెలూన్ వాడికి వినపడలేదు గానీ, ఆవిడ అన్నది ఇది: "ముప్ఫై ఏళ్ళలో అర అంగుళం వదలని మనిషి మీరేనా ఈ మాట అనేది?" అంగుళాలాయన తల దించుకున్నాడు. "సరే సరే. పదమూడు దాటాకే మొదలుపెడతాను. ఇవాళ్టితో ఆఖరని నాకు తెలీదా? హద్దులో ఉన్నది ఒక్కటీ వదలను," అని ఫోన్ పెట్టేశాడు.

సెలూన్ వాడికి నిలబడ్డచోటే చెమటలు పట్టాయి. పైవాళ్ళతోనే మాట్లాడుతున్నాడు. ఇవాళ్టితో గడువు ఆఖరు. వీధిలో ఉన్నవి పద్నాలుగు గుమ్మాలు, పదమూడు దాటాలంటున్నాడు, అంటే మొత్తం ఊడ్చేస్తారన్నమాట. కత్తి కింద పెట్టి బయటికొచ్చి, చేతులు కట్టుకుని, "సార్, మిమ్మల్ని మళ్ళీ పెట్టుకున్నారా?" అని అడిగాడు.

"ఈ ఒక్క పనికే," అన్నాడు అంగుళాలాయన, మబ్బు వైపు చూస్తూ. "మా టీచరమ్మ మంచంలో ఉంది కదా, తప్పలేదు."

"మా దగ్గర ఏముంది సార్, చూసీచూడనట్టు పోనివ్వండి."

"ఉన్నదున్నట్టు రాయాల్సిందే. ప్రస్తుతానికి నీ దగ్గర సున్నా," అన్నాడాయన ఓదార్పుగా. 'ప్రస్తుతానికి' అన్న మాట సెలూన్ వాడి చెవిలో జోరీగలా తిరిగింది. అతను లోపలికి పరిగెత్తి, సగం గడ్డంతో ఉన్న మనిషినే సాయం పిలిచి, నిచ్చెనేసి రేకు బోల్టులు విప్పడం మొదలుపెట్టాడు. మరో చేత్తో వీధి చివరి వడ్రంగికి ఫోన్ చేశాడు.

ఫోన్లకి కాళ్ళు అక్కర్లేదు కదా, ఐదు నిమిషాల్లో వీధి వీధంతా కదిలింది. సైకిళ్ళ రిపేరు షాపు బల్ల లోపలికి పోయింది. చెప్పులు కుట్టే ముసలాయన తన గొడుగు మడిచి చంకలో పెట్టుకున్నాడు. ఎవరో అడ్డంగా కట్టిన తీగ తెంపారు, ఎవరో గుమ్మం ముందు మెట్టు ఒకటి గునపంతో పెకలించారు. అంగుళాలాయన ఇదేదీ పట్టించుకోలేదు. ఆయన కళ్ళు హద్దులో ఉన్న గాలిని వెతుకుతున్నాయి. అయితే కుట్టుమిషన్ ఆవిడ తన అరుగు మీద వరసగా పెట్టుకున్న పూలకుండీలు ఒక్కొక్కటే లోపలికి చేరవేస్తుండడం చూసి ఆయన ప్రాణం ఉసూరుమంది. వీధిలో విచ్చుకున్న పూలు అవే. అవి కూడా పోతే ఏ సీతాకోక వస్తుంది?

"అమ్మా, కుండీలు తియ్యకు! ఎక్కడున్నవి అక్కడే ఉంచు! ఏదీ కదపొద్దు!" అని అరిచాడు. హద్దు దాటకూడదు కాబట్టి రోడ్డు మధ్య నుంచే అరవాల్సి వచ్చింది.

"సాక్ష్యాలు కదపొద్దంటున్నాడు," అని ఆవిడ పక్క గుమ్మానికి చెప్పింది. పక్క గుమ్మం ఆ పక్క గుమ్మానికి చెప్పింది. దాంతో అందరూ మరింత వేగం పెంచారు. గోడల వారనున్న పిచ్చిమొక్కలు కూడా వేళ్ళతో సహా పీకేశారు. టీచరమ్మ తొమ్మిదేళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన మొక్కలు అవేనని ఆయనకి తెలియదు గానీ, ఏదో ఘోరం జరుగుతోందని మాత్రం అర్థమైంది.

పన్నెండింటికి మబ్బు చీలింది. థర్మామీటరు పదమూడు దాటింది. అంగుళాలాయన నడక మొదలుపెట్టాడు. రోడ్డు మధ్యన, నెమ్మదిగా, అటూ ఇటూ చూస్తూ. ఎండ తగిలిన వీధి అద్దంలా శుభ్రంగా ఉంది. ఆయన ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఈ దృశ్యం చూస్తే ఆనందంతో పొంగిపోయేవాడు. ఇప్పుడు ఏడుపొక్కటే తక్కువ. సున్నా. సున్నా. సున్నా. సున్నా కూడా లెక్కే అని ఆవిడ చెప్పిన మాట నిజమే గానీ, కాలు విరిగి పడుకున్న మనిషి చేతిలో సున్నా పెట్టడానికి ఆయనకి మనసొప్పడం లేదు.

వీధి చివర వడ్రంగి షెడ్డు. వడ్రంగి అప్పటికే చెమటలు కక్కుతూ ముందు గోడ పలకలు ఊడదీస్తున్నాడు. ఒక పెద్ద పలక ఎండలోకి తిరగబడింది. దాని లోపలి వైపు ఎండుటాకుల్లాంటివేవో అంటుకుని ఉన్నాయి. వడ్రంగి వాటిని దులపడానికి చీపురెత్తాడు. సరిగ్గా అప్పుడే వాటిలో ఒకటి విచ్చుకుంది. లోపల నిగనిగలాడే ఇటుకరంగు.

"ఆపు! చీపురు కింద పెట్టు!" అంగుళాలాయన అరుపుకి వడ్రంగి చీపురుతో పాటు తను కూడా కింద కూలబడ్డాడు.

ఒకటి తర్వాత ఒకటి రెక్కలు తెరుచుకున్నాయి. ఇంకా ఎగరలేక, ఎండకి వీపు పెట్టుకుని వణుకుతున్నాయి. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "షెడ్డులోంచి వచ్చాయే! ఇటుకరంగువి ఐదు, నెమలికన్నులవి రెండు!"

"చలికాలమంతా అందులో పడుకున్నాయన్నమాట!" టీచరమ్మ గొంతు కీచుమంది. ఆ వెంటనే ఆవిడలోని టీచరు మేలుకుంది. "ఆగండి. వడ్రంగి షెడ్డు మూడు మీటర్ల దూరంలో ఉంటుంది. హద్దులోకి రాదు. రాయడానికి వీల్లేదు."

అంగుళాలాయన షెడ్డు కేసి చూశాడు, రోడ్డు వార మురిక్కాలవ గట్టు కేసి చూశాడు. ఈ పనికి ఆయనకి టేపు ఎప్పుడూ అక్కర్లేదు. "ఉండేది. ఈ రెండేళ్ళలో ఇరవై ఆరు అంగుళాలు ముందుకొచ్చింది," అన్నాడు. "దొంగతనంగా రోడ్డు మీదికి వచ్చాడు, మహానుభావుడు! ఏడూ హద్దులోనే ఉన్నాయి!"

ఏడు అని రాసి, కింద గీత గీసి, ఆయన వడ్రంగి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఒక్క పలక కూడా తియ్యకు. తీసినవి మళ్ళీ బిగించు. ఇది ఇలాగే ఉండాలి."

వడ్రంగి సెలూన్ వాడి వైపు చూశాడు. సెలూన్ వాడు చేతిలో రేకుతో నిలబడ్డాడు. అప్పుడు గానీ అసలు సంగతి బయటపడలేదు. అంగుళాలాయన కాగితం చూపించి, సంఘం గురించి, పదో ఏడు గురించి, విరిగిన కాలి గురించి చెప్పాడు.

"అంటే అమ్మగారు రాసుకెళ్ళిందంతా ఇదేనా?" అన్నాడు సెలూన్ వాడు రేకు కింద పెట్టి. "మీరు ఉద్యోగంలో ఉన్నంతకాలం అమ్మగారు వారం వారం వచ్చి, అటూ ఇటూ చూసి రాసుకుంటుంటే, మీకోసం కొలతలు తీస్తోందనుకున్నాం సార్! వీధి మొదట్లో కనపడగానే రేడియో ఆపేసి, బల్ల లోపలికి లాక్కునేవాణ్ణి."

"నేనైతే కుర్చీ తుడిచి వేసి, టీ ఇచ్చి, ఇటు చూడకుండా అటు తిప్పి కూర్చోబెట్టేవాణ్ణి," అన్నాడు వడ్రంగి. "మీ నోటీసులకి ఎవరు భయపడ్డారు సార్? ఆవిడ పుస్తకానికి భయపడ్డాం. మీరు రిటైరయ్యాకే కదా ఊపిరి పీల్చుకున్నది, ఆ అలవాట్లు మాత్రం ఇంకా పోలేదు."

ఊళ్ళో ఒక్క ఆక్రమణ కూడా లేని వీధి అని ఈ వీధి పేరు చెప్పి పైవాళ్ళు అంగుళాలాయనకి శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు. తన నోటీసుల దెబ్బ అని ఆయన వందమందికి చెప్పుకున్నాడు. ఆ ఘనతంతా ఈగలు లెక్కపెట్టుకునే టీచరమ్మదన్నమాట. సిగ్గు, నవ్వు ఒకేసారి ముంచుకొచ్చాయి.

"అమ్మగారికి కాలు బాగా నొప్పిగా ఉందా?" అని అడిగాడు వడ్రంగి, ఈసారి భయం లేకుండానే.

ఆ మధ్యాహ్నం ఆయన సెలూన్ రేకు ఒక కొస పట్టుకున్నాడు, కుట్టుమిషన్ ఆవిడ కుండీలు మోశాడు, పీకేసిన మొక్కల్లో బతికేవాటిని ఏరి మళ్ళీ నాటించాడు. ఇల్లు చేరేసరికి మూడయింది.

టీచరమ్మ కాగితం అందుకుని ఏడు అంకె మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. "తొమ్మిదేళ్ళలో ఈ వారంలో నాకు నాలుగు దాటలేదు. మొదటిసారి వెళ్ళి ఏడు కొట్టుకొచ్చారు," అంది. ఆ మాటలో సంతోషం ఎంతో, కుళ్ళు ఎంతో కొలవడానికి ఆయన దగ్గర సాధనం లేదు. ఆవిడ కళ్ళు మాత్రం తడిగా మెరుస్తున్నాయి.

"వీధిలో వాళ్ళు నా గురించి అడిగారా?"

"అడిగారు."

"అడక్కుండా ఎలా ఉంటారు? సెలూన్ అతను నన్ను చూడగానే రేడియో ఆపేస్తాడు, తెలుసా? సీతాకోకలు బెదురుతాయని. వడ్రంగి కుర్చీ తుడిచి, షెడ్డు దుమ్ము నా మీద పడకుండా అటు తిప్పి వేస్తాడు. ముప్ఫై ఏళ్ళు తిరిగారు కదా, మీకెవరైనా కుర్చీ వేశారా? మనుషుల్ని ఊరికే బెదిరిస్తే ఏమొస్తుందండీ? కాస్త ప్రేమగా చూస్తే వాళ్ళే చుట్టాలవుతారు."

అంగుళాలాయన నోరు తెరిచాడు. ఆవిడ మొహం చూశాడు. నోరు మూసుకుని, దిండు సర్ది, కాలు జాగ్రత్తగా ఎత్తి దాని మీద పెట్టాడు.

"అవునే," అన్నాడు. "మొదటి రోజు నుంచీ నువ్వంటే వాళ్ళకి ప్రాణమట."

ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన రాసిన లెక్కల్లో ఒక్క అబద్ధం లేదు. ఇది నోటిమాట కాబట్టి లెక్కలోకి రాదు.