512వ గదికి దక్కిన క్షమాపణలు

ఒసాకా నగరం నాంబా ప్రాంతంలోని మా మరుమోకు హోటల్ తరఫున ప్రజలకు తెలియజేయడమేమనగా, గత మంగళవారం ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలకు 512వ గదిలో బస చేసిన అతిథి నోట్లో, మా హోటల్ ఇచ్చిన పళ్ల బ్రష్షు నుంచి ఒక పోగు ఊడినది. పొడవు ఒక సెంటీమీటరు, రంగు తెలుపు. ఈ దుర్ఘటనకు యాజమాన్యం తీవ్రంగా చింతిస్తున్నది.

ఈ ప్రకటనను లిఫ్టులోనూ, లాబీలోనూ, బట్టలుతికే యంత్రాల మీదా అతికించింది నేనే. నా పేరు నిషియోరి. పదకొండేళ్లుగా ఈ హోటల్ రిసెప్షన్ బల్ల వెనకాల నిలబడుతున్నాను. చోటు చాలక ప్రకటనలో రాయని సంగతులు కొన్ని మిగిలిపోయాయి. అవి మీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ముందు మా హోటల్ గురించి. గిట్టనివాళ్లు దీన్ని చవక హోటల్ అంటారు. మా గదిలో మంచం మీద పడుకుని ఒక చేత్తో తలుపు గడియ, రెండో చేత్తో కిటికీ తీయవచ్చు. పెట్టె తెరవాలంటే మంచం ఎక్కాలి, మంచం దిగాలంటే పెట్టె మూయాలి. అతిథికి సమస్తం చేతికి అందుబాటులో ఉండాలన్నదే మా ఆశయం. కిటికీ తీస్తే పక్క హోటల్ గోడ కనిపిస్తుంది. ఒక గోడను అంత దగ్గరగా, అంత తీరిగ్గా చూసే అవకాశం ఈ నగరంలో మరెక్కడా దొరకదని ఘంటాపథంగా చెప్పగలను. పొద్దున్నే అన్నం ముద్దలు, మిసో చారు ఉచితం. రిసెప్షన్ పక్కన బుట్టలో దువ్వెనలు, గడ్డం కత్తులు, పళ్ల బ్రష్షులు ఉంటాయి. అవీ ఉచితమే.

ఇక 512వ గది అతిథి కురమోచి గారు. తోక్యో మనిషి, నలభై ఎనిమిదేళ్లు, నలగని సూటు. ఆయన ఎవరో ఆ ఉదయం మాకు తెలియదు. తరువాత తెలిసింది కాబట్టి మీకు ముందే చెబుతున్నాను. మా సంస్థకున్న ముప్ఫై ఒక్క హోటళ్లకూ పళ్ల బ్రష్షులు సరఫరా చేసే కురుమి బ్రష్షు కంపెనీలో ఆయన క్షమాపణల విభాగం ఉపాధిపతి. పంతొమ్మిదేళ్లుగా కంపెనీ తరఫున దేశమంతా తిరిగి నడుం వంచడమే ఆయన ఉద్యోగం. మామూలు తప్పుకు పదిహేను డిగ్రీలు, పెద్ద తప్పుకు ముప్ఫై, క్షమించరాని తప్పుకు నలభై ఐదు. ఎక్కడ ఆగాలో ఆయన నడుముకే తెలుసు.

బ్రష్షుల పోగులు ఊడుతున్నాయని మా సంస్థ అంతకుముందు మూడుసార్లు ఫిర్యాదు చేసింది. మూడుసార్లూ కురమోచి గారే వచ్చి గుమస్తాకు ఒకసారి, సూపర్వైజరుకు ఒకసారి, విభాగాధిపతికి ఒకసారి క్షమాపణ చెప్పి వెళ్లారు. నాలుగోది ఆ మంగళవారం పదకొండు గంటలకు, ఉమెదాలోని మా ప్రాంతీయ కార్యాలయంలో, సాక్షాత్తూ ప్రాంతీయాధికారి తొకుమారు గారికి. అదే ఆఖరిది. ఆయన క్షమించకపోతే కొనుగోలు ఒప్పందం రద్దు. "క్షమాపణ అంగీకరింపజేసుకుని రా. లేకపోతే అటునుంచి అటే వక్కనై గోదాముకి వెళ్లిపో" అని కురమోచి గారి డైరెక్టరు చెప్పి పంపాడు. వక్కనై దేశానికి ఉత్తరాన చిట్టచివర ఉంది, ఏడాదిలో సగం మంచే. ఆయన భార్య కూడా తన నిర్ణయం ప్రకటించింది. "మీరు వెళ్లండి. నేను ఇక్కడ మీ ఫొటో పెట్టుకుని ఉంటాలెండి" అన్నదట.

క్షమాపణకు వెళ్లేవాడు ఎవరికి చెప్పాలో వాళ్ల హోటల్‌లోనే దిగాలన్నది ఆ కంపెనీ నియమం. అందుకని ఆయన మా దగ్గర దిగారు. ఉదయాన్నే వంగడం సాధన చేద్దామని లేచారు. మా గదిలో పదిహేను డిగ్రీల వరకూ ఇబ్బంది లేదు. నలభై ఐదుకు తల గోడకు కొట్టుకుంటుంది. అందుకని తలుపు బార్లా తెరిచి, నోట్లో బ్రష్షుతోనే వరండాలోకి వంగడం మొదలుపెట్టారు. సరిగ్గా అప్పుడే దుప్పట్ల బండి తోసుకుంటూ త్సుజి పిన్ని వచ్చింది.

త్సుజి పిన్ని మా హోటల్ గదులు ఊడ్చే మనిషి. అరవై ఏడేళ్లు, పుట్టి పెరిగింది ఒసాకాలోనే. చిరుతపులి మచ్చల చొక్కా మీద ఏప్రన్ కట్టుకుంటుంది, జేబులో ఎప్పుడూ చప్పరించే తీపి బిళ్లలుంటాయి. అందరం పిన్ని అనే పిలుస్తాం. ఆమె చూస్తుండగానే కురమోచి గారు వంగి, దగ్గి, నాలుక మీదినుంచి తెల్లటి పోగు ఒకటి తీసి చూసుకున్నారు.

"అయ్యయ్యో, గొంతులో గుచ్చుకుందా బాబూ? ఇదిగో, ఈ బిళ్ల చప్పరించు. మా బ్రష్షులు ఇంతేలే, దిక్కుమాలినవి."

"లేదండీ, ఏమీ కాలేదు. పొరపాటు నాదే. దయచేసి క్షమించండి" అన్నారు కురమోచి గారు. ఆయన అన్నది అక్షరాలా నిజం.

పిన్ని నవ్వుకుంటూ వచ్చి ఆ సంగతి నాకు చెప్పింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా నిబంధనల పుస్తకంలో స్పష్టంగా ఉంది. అతిథి గట్టిగా అరిస్తే భయపడనక్కర్లేదు, అరిచి వెళ్లిపోతాడు. "ఫర్వాలేదు" అంటే కోపం వచ్చిందని అర్థం. "ఏమీ కాలేదు" అంటే బాగా కోపం వచ్చింది. "పొరపాటు నాదే" అన్నాడంటే ఇక ఈ జన్మలో మన గడప తొక్కడు. కురమోచి గారు ఒక్క గుక్కలో రెండు మెట్లు ఎక్కేశారు.

పరుగున వెళ్లి ముప్ఫై డిగ్రీలు వంగాను. "అయ్యో, పట్టించుకోకండి" అన్నారు. పరిస్థితి విషమిస్తున్నదని గ్రహించి మేనేజరు ఇటగాకి గారిని లేపాను. రిసెప్షన్ బల్ల కింద, మంటలార్పే సిలిండరు పక్కనే, అత్యవసర మిఠాయి పెట్టె ఒకటి మాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఇటగాకి గారు దాన్ని రెండు చేతులా పట్టుకుని ఐదో అంతస్తుకు మెట్ల మీదుగా వెళ్లారు. లిఫ్టులో వెళ్తే పశ్చాత్తాపం లేదనుకుంటారు కదా.

"మీ దయ. కానీ నాకు పనుందండీ, త్వరగా వెళ్లాలి" అన్నారు కురమోచి గారు, సంచి భుజానికి తగిలించుకుంటూ.

"విన్నావా? మిఠాయి కూడా ముట్టుకోలేదు, వెళ్లిపోతానంటున్నాడు" అని ఇటగాకి గారు వరండాలోకి వచ్చి నా చెవిలో గొణిగారు. "ఇది మన స్థాయి దాటిపోయింది నిషియోరీ. ప్రాంతీయాధికారికి ఫోన్ చెయ్యి."

తొకుమారు గారు ఎంత గొప్ప అధికారో ఆ ఫోన్‌లోనే తెలిసింది. "పదకొండింటికి ఎవడో బ్రష్షులవాడు వస్తానన్నాడు. వాడొస్తే కూర్చోబెట్టండి. ముందు మనకు అతిథి ముఖ్యం" అన్నారు. వెంటనే బయలుదేరలేదు. ఘనమైన క్షమాపణకు పెద్ద దుకాణం కాగితం చుట్టిన మిఠాయి కావాలి. ఆ దుకాణం పదింటికి గానీ తెరవరు. అంతవరకూ అతిథిని కదలనివ్వవద్దని ఆజ్ఞ.

మేమెవరమూ అతిథిని అడ్డుకోలేదు. అడ్డుకోవడం మా సంస్కృతిలో లేదు. కిందికి దిగొచ్చి లాబీలో ఆయన కూర్చున్న కుర్చీకీ వీధి తలుపుకీ మధ్య మేమంతా రెండు వరసల్లో నిలబడి వంగాము, అంతే. నేను, ఇటగాకి గారు, వంటమనిషి, పగటి కాపలాదారు, ఇద్దరు లెక్కల గుమస్తాలు. బయటికి వెళ్లాలంటే మా తలల మీదుగా నడిచి వెళ్లవలసిందే. కురమోచి గారు లేచినప్పుడల్లా మేము ఇంకో ఐదు డిగ్రీలు వంగాము. ఆయన మళ్లీ కూర్చున్నారు.

తన పేరు, కంపెనీ చెప్పేస్తే పోయేది కదా అని మీకనిపించవచ్చు. ఎలా చెబుతాడు పాపం? తన బ్రష్షుతో తానే పళ్లు తోముకుని తానే దగ్గాడని తెలిస్తే కంపెనీ పరువేం కాను? గోడ గడియారం పదిన్నర దాటింది. ఆయన మొహం చూస్తే నాకు నిజంగానే జాలేసింది. కోపంతో అలా పాలిపోయారనుకుని ఇంకాస్త వంగాను.

ఈలోగా ఇటగాకి గారికి మరో ఆలోచన వచ్చింది. బ్రష్షు తయారుచేసినవాళ్లు కూడా వచ్చి క్షమాపణ చెబితే నిండుగా ఉంటుందని వంగినవాడు వంగినట్టే తోక్యోకు ఫోన్ చేసి మందలించారు. అర నిమిషంలో కురమోచి గారి జేబులో ఫోన్ మోగింది. అవతల ఆయన డైరెక్టరు గొంతు లాబీ అంతా వినపడింది.

"కురమోచీ! ఎక్కడ చచ్చావ్? నాంబాలో మరుమోకు హోటల్‌లో ఎవడో అతిథి మన బ్రష్షు మీద నిప్పులు కక్కుతున్నాడట. ఉన్నపళంగా వెళ్లి వాడి కాళ్ల మీద పడు!"

"అక్కడే ఉన్నాను సార్."

"శభాష్! నీలాంటివాడు ఇంకొక్కడుంటే చాలయ్యా ఈ కంపెనీకి!"

మాకెవరికీ అర్థం కాలేదు. వంగి ఉన్నప్పుడు ఆలోచించడం కష్టం. పది నలభై ఐదుకు తలుపు తెరుచుకుని తొకుమారు గారు లోపలికి పరిగెత్తుకొచ్చారు. ఒళ్లంతా చెమట. చెమటలో చిత్తశుద్ధి కనిపిస్తుందని రైలు ఒక స్టేషను ముందే దిగి పరిగెత్తారట.

"నేను ప్రాంతీయాధికారి తొకుమారుని! సంస్థ పక్షాన, నా పక్షాన..." అంటూ నలభై ఐదు డిగ్రీలకు వంగారు.

ఆ పేరు వినగానే కురమోచి గారు కుర్చీలోంచి జారి నేల మీద మోకరిల్లారు. అతిథి నేల మీద ఉండగా ఆతిథ్యమిచ్చేవాడు నిలబడి ఉండడం అపచారం కాబట్టి తొకుమారు గారూ మోకరిల్లారు. ఒకరు అరచేతులు ఆనిస్తే రెండోవారు నుదురు ఆనించారు. ఆ తివాచీని పిన్ని అంతకుముందే శుభ్రం చేసి ఉండడం మా అదృష్టం. అలా నుదుళ్లు నేలకానిన స్థితిలోనే ఇద్దరూ మిఠాయి పెట్టెలు మార్చుకున్నారు. రెండూ ఒకే దుకాణానివి; కురమోచి గారు తనది ముందురోజే కొని సంచిలో పెట్టుకున్నారట. తరువాత మర్యాద ప్రకారం విజిటింగు కార్డులు మార్చుకున్నారు. తొకుమారు గారు కార్డు చదివారు. మళ్లీ చదివారు.

"అంటే... ఆ బ్రష్షులవాడు మీరేనా?"

"చిత్తం. ఆ అతిథినీ నేనేనండి."

ఇటగాకి గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. ఇలాంటి సందర్భానికి అందులో ఏమీ లేదు. చివరికి తొకుమారు గారే గొంతు సవరించుకుని చిన్న ఉపన్యాసం ఇచ్చారు.

"మనుషులు మారవచ్చు, లేదా ఒకే మనిషి కావచ్చు. విధానం మారకూడదు. తయారీదారు అతిథికి క్షమాపణ చెప్పాలి. అతిథి సంతృప్తి చెందితే మా సంస్థ సంతృప్తి చెందినట్టే, ఒప్పందం నిలిచినట్టే. కానివ్వండి."

కురమోచి గారు లేచి సూటు సవరించుకుని ఖాళీ కుర్చీ ముందు నిలబడి వంగారు. అటువంటి వంగడం నేను ఈ పదకొండేళ్లలో చూడలేదు. వంటమనిషి కళ్లు తుడుచుకున్నాడు. తరువాత ఆయన వెళ్లి అదే కుర్చీలో కూర్చున్నారు. పంతొమ్మిదేళ్లలో ఆయన ఇటువైపు కూర్చోవడం అదే మొదటిసారట.

"ఏమనిపించింది?" అని అడిగారు తొకుమారు గారు.

"క్షమాపణ చాలా బాగుందండి" అన్నారు కురమోచి గారు, నోట్లో వేలు పెట్టుకుంటూ. "పోగు మాత్రం ఇంకోటి తగులుతోంది."

వెనకాల చీపురు పట్టుకుని ఇదంతా చూస్తున్న త్సుజి పిన్ని అప్పుడు నోరు తెరిచింది.

"ఏం మనుషులయ్యా మీరు! పొద్దున్నించీ వంగుతున్నారు, లేస్తున్నారు. ఆ పోగులు ఊడకుండా కాస్త గట్టిగా బిగించి చావొచ్చుగా?"

నేను తివాచీ వైపు చూశాను. ఇటగాకి గారు పుస్తకం మూసేశారు.

"పోగుల సంగతి ఫ్యాక్టరీవాళ్లు చూస్తారండి. మా విభాగం వాళ్లతో మాట్లాడదు. అడిగితే వాళ్ల పనిని తప్పుపట్టినట్టు అవుతుంది" అన్నారు కురమోచి గారు మెల్లగా.

"మేమూ ఎప్పుడూ అడగలేదు. సరఫరాదారును అలా మొహం మీద అడగడం బాగుండదు" అన్నారు తొకుమారు గారు.

ఇద్దరూ ఒకరినొకరు ఆదరంగా చూసుకున్నారు. పెద్దమనుషులు ఒకరినొకరు అర్థం చేసుకోవడం ఎంత చూడముచ్చటగా ఉంటుందో అప్పుడే నాకు తెలిసింది. అక్కడికక్కడే ఒప్పందం మరో ఐదేళ్లు పొడిగించారు. కురమోచి గారికి వక్కనై తప్పింది. ఇప్పుడాయన క్షమాపణల విభాగానికి పూర్తి అధిపతి, కింద నలుగురు కొత్తవాళ్లు కూడా చేరారని విన్నాను. ఫ్యాక్టరీలో కొత్తగా ఎవరినీ తీసుకోలేదు.

పిన్ని సంగతి అలా వదిలేయలేకపోయాం. అతిథి ఎదుట వాతావరణం పాడుచేసినందుకు ఆమె క్షమాపణ పత్రం రాసివ్వాలని ఉత్తర్వు వచ్చింది. నా దస్తూరి బాగుంటుందని పత్రం నన్నే రాయమన్నారు. రాసి తీసుకెళ్లాను. పిన్ని చదివి, మడిచి, నా చేతిలోనే పెట్టింది.

"నువ్వే రాశావుగా నాయనా, సంతకం కూడా నువ్వే పెట్టెయ్" అంది. చిరుతపులి చొక్కా మీది ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టింది. నా చేతిలో ఒక బిళ్ల పెట్టి వెళ్లిపోయింది. ఆ సంతకం నేనే పెట్టాను.

ఇంతమందిలో పిన్ని అడిగిన అంత చిన్న ప్రశ్న ఒక్కరికీ తట్టలేదా అని మీరు మమ్మల్ని తక్కువ అంచనా వేస్తుంటారు. అందరికీ తట్టింది, ఎప్పుడో తట్టింది. అందుకే మా హోటల్ సిబ్బందిలో ఆ బ్రష్షు నోట్లో పెట్టుకునేవాళ్లు ఒక్కరూ లేరు. తొకుమారు గారు ఎక్కడికి వెళ్లినా సొంత బ్రష్షు సంచిలో ఉంటుంది. ఆ మాటకొస్తే కురమోచి గారు కూడా ఎప్పుడూ వేరే కంపెనీదే వాడతారట. ఆ ఒక్క రోజే ఇంట్లో మరిచిపోయి వచ్చారు.